యాభై దాటిన మేనేజర్‌కు కన్సల్టెంట్ దారి: లాభం ఎంత, లెక్క ఏమిటి?

బారిడీహ్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఉండే మేనేజర్‌కు ఉద్యోగం ఆఖరి రోజంటే జీతం ఆగే రోజు ఒక్కటే కాదు. ఇల్లు ఖాళీ చేయడానికి గడువు మొదలయ్యే రోజు కూడా. జంషెడ్‌పూర్‌కు తూర్పున ఉన్న ఈ ప్రాంతంలో ఒకపక్క క్వార్టర్లు, మరోపక్క విజయ గార్డెన్స్ లాంటి అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. వాటి మధ్య పెద్ద దూరం లేదు. కానీ ఇక్కడి నుంచి అక్కడికి మారేలోపు ఒక కుటుంబం తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. ఈఎంఐ ఎవరు కడతారు? అమ్మానాన్నల వైద్యం ఎలా? యాభై రెండేళ్ల మనిషికి మళ్లీ ఉద్యోగం ఎవరిస్తారు?

ఈ ఊరికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1990ల మొదట్లో 70 వేలు దాటిన టాటా స్టీల్ ఉద్యోగుల సంఖ్య 2000ల మధ్యకు దాదాపు సగానికి తగ్గింది. ముందస్తు విరమణ పథకాలు అప్పుడే ఇంటింటి మాటయ్యాయి. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడి, బిష్టుపూర్ రామమందిరం చుట్టూ తమ పండుగలు అల్లుకున్న తెలుగు కుటుంబాలకూ ఆ రోజులు గుర్తే.

అప్పుడూ ఇప్పుడూ ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: 'ఇంత అనుభవం ఉంది కదా, కన్సల్టెంట్‌గా చేసుకోవచ్చుగా!' సలహా మంచిదే. అయితే దాని వెనక ఉన్న లెక్క చాలామందికి తెలియదు.

ఈ ఊరి పునాదిలోనే ఉన్న కథ

ప్రమథనాథ బోస్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో భూగర్భ శాస్త్రవేత్త. తనకంటే జూనియర్ అయిన థామస్ హాలండ్‌కు డైరెక్టర్ పదవి ఇవ్వడంతో 1903లో ఆ కొలువు వదిలేశారు. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర. తర్వాత మయూర్‌భంజ్ సంస్థానానికి పనిచేస్తూ గోరుమహిసాని కొండల్లో ఇనుప ఖనిజం నిక్షేపాలను గుర్తించారు. 1904 ఫిబ్రవరి 24న ఆ సంగతి జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. న్యూయార్క్‌కు చెందిన కన్సల్టింగ్ ఇంజినీరు చార్లెస్ పేజ్ పెరిన్ ప్లాంటు పనిలో పాలుపంచుకున్నారు. 1907లో కంపెనీ ఏర్పడింది. అంటే ప్రమోషన్ దక్కని ఒక అధికారి రెండో అధ్యాయం మీద, బయటి నుంచి వచ్చిన ఒక కన్సల్టెంట్ సలహా మీద ఈ నగరం లేచింది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వ కొలువులో ఇక పైమెట్టు ఎక్కే అవకాశం కనిపించక 1908లో స్వచ్ఛందంగా తప్పుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909లో ప్రత్యేక కన్సల్టింగ్ ఇంజినీరుగా వచ్చి, కొద్ది నెలల్లోనే వరద నివారణ పథకం ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు మూలం అదే. తర్వాతి కాలంలో, 1927 నుంచి 1955 వరకు ఆయన టాటా స్టీల్ బోర్డులో డైరెక్టర్‌గా ఉన్నారు.

ఇద్దరి కథల్లోనూ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు 'నాకు పాతికేళ్ల అనుభవం ఉంది' అని అమ్ముకోలేదు. ఒకరు ఖనిజం ఎక్కడుందో చెప్పారు. మరొకరు వరదను ఎలా ఆపాలో చెప్పారు. ఎదుటివారికి కావాల్సింది ఆ జవాబే.

పెద్ద ఉద్యోగాలు ఎలా భర్తీ అవుతాయి?

కింది స్థాయి ఉద్యోగానికి ప్రకటన వస్తుంది, దరఖాస్తు పెడతాం. జనరల్ మేనేజర్ స్థాయి దాటాక ఆ పద్ధతి పెద్దగా పనిచేయదు. ఆ ఖాళీల సంగతి చాలావరకు బయటకు రాదు. ఉన్న మనిషిని మార్చాలనుకుంటున్న విషయం కంపెనీ రహస్యంగా ఉంచుతుంది. అప్పుడు కోర్న్ ఫెర్రీ, ఈగాన్ జెండర్, స్పెన్సర్ స్టువర్ట్ లాంటి ఎగ్జిక్యూటివ్ సెర్చ్ సంస్థలు రంగంలోకి దిగుతాయి.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది: ఆ సంస్థలకు డబ్బిచ్చేది కంపెనీయే. సంప్రదాయంగా కొత్త అధికారి మొదటి ఏడాది వేతనంలో మూడో వంతు వరకు ఫీజు ఉంటుంది. కాబట్టి వాళ్లు వెతికేది మనకు ఉద్యోగం కాదు, కంపెనీకి మనిషిని. వాళ్లు మన ఫోన్ ఎత్తకపోతే అవమానం అనుకోనక్కర్లేదు. అదే కారణంగా, 'పెద్ద పోస్టు ఉంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అని ఎవరైనా అడిగితే అక్కడితో మాట ఆపేయాలి.

మరి పేరు వాళ్ల దాకా ఎలా చేరుతుంది? ఎక్కువగా పాత సహోద్యోగులు, సరఫరాదారులు, కస్టమర్ల నోటి ద్వారానే. లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో హోదాల జాబితా కంటే 'ఫలానా మిల్లులో బ్రేక్‌డౌన్ సమయం ఇంత తగ్గించాను' అన్న ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది. ఈ వెతుకులాట నెలల తరబడి సాగుతుంది. ఆ ఖాళీ కాలంలో చేతిలో ఏదో ఒక పని ఉండటం కూడా కన్సల్టింగ్ వల్ల వచ్చే తొలి లాభం.

'కన్సల్టెన్సీ' అంటే అది కాదు

తెలుగువాళ్లకు కన్సల్టెన్సీ అనగానే అమీర్‌పేట బోర్డులో, అమెరికా వీసాలు చూసే కంపెనీలో గుర్తొస్తాయి. మనం మాట్లాడుకుంటున్నది వేరు. ఒక సంస్థ సమస్యకు ఒక అనుభవజ్ఞుడు నిర్ణీత కాలానికి, నిర్ణీత ఫీజుకు పనిచేయడం ఇది.

ఇలాంటి అవసరం పెద్ద కంపెనీలకంటే చిన్నవాటికే ఎక్కువ ఉండొచ్చు. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో వాహన విడిభాగాలు చేసే చిన్న యూనిట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. నలభై లక్షల జీతంతో క్వాలిటీ హెడ్‌ను పెట్టుకునే స్తోమత వాటికి ఉండదు. నెలకు నాలుగు రోజులు వచ్చి తిరస్కరణలు తగ్గించే మనిషి దొరికితే మాత్రం సంతోషంగా ఇస్తాయి.

రోజుకు ఎంత అడగాలి?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉదాహరణకు ఒకరి జీతం ఏడాదికి 30 లక్షలు అనుకుందాం. పనిదినాలు 250. భాగిస్తే రోజుకు 12 వేలు. కాస్త కలిపి 15 వేలు అడుగుతారు. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలదు.

ఎందుకంటే కన్సల్టెంట్‌కు 250 రోజులూ బిల్లు పడదు. కొత్త పని వెతకడం, ప్రతిపాదనలు రాయడం, ప్రయాణాలు, బిల్లుల వెంట తిరగడం, వీటికి ఎవరూ డబ్బివ్వరు. నికరంగా 120 రోజులు బిల్లు పడితే గొప్పే. ఇక కంపెనీ కనపడకుండా ఇచ్చినవి ఉన్నాయి. ఇల్లు, వైద్యం, పీఎఫ్‌లో యజమాని వాటా, గ్రాట్యుటీ, సెలవులు. జంషెడ్‌పూర్ లాంటి కంపెనీ ఊళ్లో ఈ జాబితా ఇంకా పొడవు. వీటికి, ఆఫీసు ఖర్చులకు కలిపి 6 లక్షలు వేసుకున్నా మొత్తం 36 లక్షలు. 120తో భాగిస్తే రోజుకు 30 వేలు. మొదట అనుకున్న దానికి రెట్టింపు.

ఆ రేటు నోటితో అడగలేకపోతే కారణం సిగ్గు కావచ్చు. లేదా ఆ ధరకు తగిన సమస్య ఏదో మనకే ఇంకా స్పష్టం కాకపోవచ్చు. రెండోదైతే ఉద్యోగం వదిలే ముందే తేల్చుకోవాలి.

పన్నులు, బకాయిలు

ప్రొఫెషనల్ ఫీజు మీద క్లయింట్ సాధారణంగా 10 శాతం, సాంకేతిక సేవలైతే 2 శాతం టీడీఎస్ కోస్తారు. ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, అకౌంటెన్సీ వంటి కొన్ని వృత్తులకు 44ఏడీఏగా పేరుపడిన ఊహాత్మక పన్ను విధానం ఉంది. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల రాబడి వరకు, అందులో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టొచ్చు. అన్ని రకాల సలహాలూ ఈ జాబితాలోకి రావు కాబట్టి హెచ్‌ఆర్, మార్కెటింగ్ వైపు వాళ్లు ముందే ఆడిటర్‌ను అడగాలి. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. రేటు 18 శాతం.

అసలు తలనొప్పి పన్ను కాదు, బకాయి. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైతే, 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం క్లయింట్ గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. వాస్తవంలో క్లయింట్ మీద కేసు వేయడానికి ఎవరూ ఇష్టపడరు. అందుకే కొంత ముందుగా, మిగతాది దశలవారీగా అని ఒప్పందంలోనే రాసుకోవడం మేలు.

పాత కంపెనీ పెట్టే 'పోటీ సంస్థకు పనిచేయకూడదు' షరతు గురించి చాలామంది భయపడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు సాధారణంగా చెల్లవు. కానీ పాత కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు చెల్లుతుంది. నైపుణ్యం మీది, డ్రాయింగులు వాళ్లవి.

ప్రతిఫలం ఎక్కడ?

ఇన్ని చిక్కులుంటే ఎందుకు ఈ దారి? ఒకటి, ఆదాయం ఒకే యజమాని దయ మీద ఆధారపడదు. ముగ్గురు క్లయింట్లుంటే ఒకరు పోయినా ఇల్లు నడుస్తుంది. రెండు, అరవై దగ్గర గీత ఉండదు. మూడు, కొత్త తలుపులు తెరుచుకుంటాయి. 2016 దివాలా చట్టం కింద, మేనేజ్‌మెంట్‌లో 15 ఏళ్ల అనుభవమున్న గ్రాడ్యుయేట్లు పరీక్ష రాసి ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్ కావచ్చు. 2018లో టాటా స్టీల్ భూషణ్ స్టీల్‌ను దక్కించుకుంది ఈ చట్టం కింద నడిచిన ప్రక్రియలోనే. స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకునే వీలూ ఉంది.

అందరికీ ఇది సరిపడదు. చేతికింద మనుషులు లేకుండా పని చేయలేనివాళ్లకు, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోలేనివాళ్లకు మరో ఉద్యోగమే మంచిది. పిల్లల చదువు మధ్యలో ఉన్న ఇంట్లో ఈ నిర్ణయం ఒక్కరిదే కాకూడదు కూడా. 30 లక్షల లెక్క భార్యాభర్తలిద్దరూ కూర్చుని వేయాలి.

క్వార్టర్ తాళం అప్పగించే రోజు ఎలాగూ వస్తుంది. దానికి రెండేళ్ల ముందే ఒక కాగితం మీద ఒక వాక్యం రాసి చూసుకోండి: 'ఫలానా సమస్య వస్తే జనం నా దగ్గరికి వస్తారు.' ఆ ఖాళీలో హోదా పేరు కాకుండా పని పేరు రాయగలిగితే, దారి సగం దొరికినట్టే.