పాత ఫొటోలు: ముందు ఏవి స్కాన్ చేయించాలి?

ఫిల్మ్ కాలపు ఫొటోలన్నీ ఒకే వేగంతో పాడవవు. స్కాన్ చేయించాలా వద్దా అని తేల్చుకునే ముందు పెట్టెలో ఉన్నవి ఏ రకానివో చూసుకోవాలి.

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. సరిగ్గా కడిగి, తేమ తగలకుండా ఉంచితే నూరేళ్లయినా నిలుస్తుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల నెగటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొన్నది. అప్పటికి వాటిలో చాలావాటికి సుమారు వందేళ్లు.

రంగుల ఫొటోలకు అంత ఆయుష్షు లేదు. వాటిలో ఉండేవి రసాయన రంగులు. 1970లు, 80లలో వేయించిన ప్రింట్లలో నీలం పాలు ముందుగా వెలిసిపోతుంది. అందుకే ఆనాటి పెళ్లి ఆల్బంలో పట్టుచీర, పందిరి, పురోహితుడు అంతా ఎర్రబారి కనిపిస్తారు. ఆల్బం మూసి బీరువాలో పెట్టినా ఈ మార్పు ఆగదు.

అన్నిటికంటే తొందరపడాల్సింది అసిటేట్ ఫిల్మ్ నెగటివ్‌ల విషయంలో. వేడి, తేమ తగిలితే ఈ ఫిల్మ్ నుంచి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లమే పాడవడాన్ని ఇంకా వేగిరం చేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే అదే గుర్తు. తర్వాత ఫిల్మ్ కుంచించుకుపోయి వంకర తిరుగుతుంది. అలాంటివాటిని మిగతావాటికి దూరంగా పెట్టి, అన్నిటికంటే ముందు స్కాన్ చేయించాలి. ఎండాకాలంలో స్లాబు కింద కాగిపోయే అటక నెగటివ్‌లు దాచే చోటు కానే కాదు.

నెగటివ్ దొరికితే ప్రింటు జోలికి పోనక్కర్లేదు. వివరం నెగటివ్‌లోనే ఎక్కువ. 35 మి.మీ. ఫిల్మ్‌ను 2400 డీపీఐతో స్కాన్ చేస్తే దాదాపు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి, ఇంటి అవసరానికి అది చాలు. ప్రింటు మాత్రమే ఉంటే 600 డీపీఐ సరిపోతుంది. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోను గోటితో లాగితే మూల చిరుగుతుంది, బొమ్మ పొర లేస్తుంది. దానికంటే పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చేయడం మేలు.

అన్నిటినీ చేయించాలన్న నియమం లేదు. ఒకే వరుసలో తీసిన ఐదు ఫొటోల్లో ఒకటి చాలు. అయితే ఏరేటప్పుడు ముఖాలనే చూస్తే పొరపాటు. ఉదాహరణకు, 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు సారథ్యం వహించినవారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరు పెట్టుకున్న ఏ.ఎస్. రావు నగర్‌లో, గృహప్రవేశం నాటి ఫొటోలో మనుషులు చుక్కల్లా ఉన్నా వెనక ఖాళీ ప్లాట్లు కనిపిస్తే, అది ఆ కాలనీ చరిత్రకు ఆధారం. ముందుగదిలో ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీ పక్కన నిలబెట్టి తీసిన పిల్లల ఫొటో కూడా అలాంటిదే. సరిగ్గా రాలేదని పక్కన పెట్టేవి తరచూ ఇవే.

ఫొటో నిలిచినా అందులో ఎవరున్నారో చెప్పేవాళ్లు నిలవరు. ఖర్చు భరించలేక స్కానింగ్ వాయిదా వేసినా పేర్లు రాసే పని వాయిదా వేయకూడదు. అమ్మమ్మ, పెదనాన్న వంటి పెద్దలను కూర్చోబెట్టి ఎడమ నుంచి వరుసగా పేర్లు, ఊరు, సంవత్సరం అడగాలి. ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ ఒత్తుడు ముందువైపు తేలుతుంది.

డిజిటల్ ప్రతి కూడా శాశ్వతం కాదు. 2000ల్లో ల్యాబులవాళ్లు ఇచ్చిన సీడీలు కొన్ని ఇప్పుడు తెరుచుకోవు, చాలా కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే లేదు. వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో రెండు ప్రతులు, క్లౌడ్‌లో ఒకటి ఉంచి, ఏడాదికోసారి తెరిచి చూడాలి. స్కాన్ పూర్తయినా నెగటివ్‌లను పారేయకూడదు. ఫైలు పోతే మళ్లీ స్కాన్ చేయడానికి మిగిలేవి అవే.