వరదనీరు చొచ్చిన ఇల్లు: మరల కాపురమునకు యోగ్యమగు విధము

మన సంఘపు సభ్యులు పంటను గూర్చియు, పశువులను గూర్చియు ఎంత శ్రద్ధ వహింతురో మేమెఱుగుదుము. కాని ఇంటిలోనికి నీరు వచ్చి తీసినప్పుడు మాత్రము, “గోడలు నిలిచినవి గదా, సున్నము కొట్టించిన సరిపోవును” అని తృప్తి చెందుట చాలమందికి వాడుకగా నున్నది. ఈ తృప్తియే పెక్కు నష్టములకు మూలము. నీరు తీసిన ఇల్లు నిలిచియున్నంత మాత్రమున దక్కినట్లు కాదు. దానిని దక్కించుకొనుటకు ఒక వరుస కలదు. ఆ వరుస తప్పినచో ధనమును ఆరోగ్యమును రెండును చెడును. హైదరాబాదు పాతబస్తీవారి అనుభవమును ముందుంచుకొని ఆ వరుసను ఇచట వివరింతుము.

రెండు వరదలు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. నదికి ఇరుదరుల నున్న పేటలు కొట్టుకొనిపోయెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. అఫ్జల్‌గంజ్ కడ నొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని ప్రసిద్ధి. ఆనాటి బీదల ఇండ్లలో పెక్కులు మట్టిగోడలవి. మట్టిగోడ అడుగున నానినచో పైభాగపు బరువు నోర్వలేక కూలును. అట్లు కూలిన ఇంటి విషయమున సందేహమునకు తావు లేదు, మరల కట్టవలసినదే. తరువాత నిజాం ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాను పొందిరి. మూసీకి అడ్డముగ ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీనదికి అడ్డముగ హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి.

2020వ సంవత్సరము అక్టోబరు నెలలో వచ్చిన ఉపద్రవము వేఱు విధమైనది. 13, 14 తేదీలలో కురిసిన కుండపోత వానకు మైలార్‌దేవ్‌పల్లి కడ పల్లెచెరువు కట్ట తెగెను. 17వ తేదీ రాత్రి మరల వాన కురియగా బార్కస్ చెంతనున్న గుఱ్ఱం చెరువు కట్ట తెగి, హాఫిజ్‌బాబానగరము మొదలగు పేటలలోనికి నీరు చొచ్చెను. చెరువు, కట్ట, అలుగు, తూము అనునవి రైతునకు క్రొత్త మాటలు కావు. కట్టకు దిగువ నేల పంటకు అనువైనదేగాని కాపురమునకు అపాయకరమని మన పెద్దలెఱుగుదురు. ఈ పర్యాయము ఇండ్లలో పెక్కులు ఇటుక సిమెంటులతో కట్టినవగుటచే నిలిచినవి. కాని కొన్ని వీధులలో నీరు దినముల తరబడి కదలలేదు. మురుగు కాలువల నీరు దానితో కలిసెను. గోడ నిలిచెను గాని, గోడలోనికి మురుగు ఎక్కెను. నేడు పల్లెలలోను ఇటుక ఇండ్లు, మరుగుదొడ్ల గుంతలు హెచ్చినవి గాన, ఇట్టి వరదయే మనకును రాగలదు.

లోన అడుగిడుటకు ముందు

నీరు తీసిన వెంటనే తలుపు తెఱచుకొని లోనికి పరుగెత్తరాదు. మొదట బయట నిలిచి గోడలను చూడవలెను. క్రొత్త బీటలున్నను, గోడ ప్రక్కకు ఒరిగినను, పునాది క్రింద మన్ను కోసికొనిపోయినను, తెలిసిన మేస్త్రీ చూచి చెప్పువరకు ఎవరును లోనికి పోరాదు. విద్యుత్తును స్తంభము కడనే ఆ శాఖవారిచే నిలిపివేయింపవలెను. తడిసిన స్విచ్చిని తడి చేతితో తాకి ప్రాణములు కోల్పోవుట వరదల తరువాత మాటిమాటికి జరుగు ప్రమాదము. వంటగ్యాసు సిలిండరును కట్టివేసి కిటికీలు తెఱవవలెను. మూలలందు పాములు, తేళ్లు దాగియుండును గాన కఱ్ఱతో కదపి చూచి, కాళ్లకు బూట్లు తొడిగి నడువవలెను.

పాతకాలపు పెద్ద ఇండ్లలో నేలమాళిగలుండును. వానిలోని నీటిని పంపు పెట్టి ఒక్కసారిగా తోడరాదు. బయటి నేల నీటితో నిండియుండగా లోపల ఖాళీయైనచో, బయటి ఒత్తిడికి గోడ లోనికి పడును. దినమునకు మూడవ వంతు చొప్పున తోడుట మేలు.

ఏ వస్తువును కదపక మునుపే నీరు నిలిచిన గీత కనబడునట్లు ఛాయాచిత్రములు తీయవలెను. పాడైన వస్తువుల పట్టిక వ్రాయవలెను. 2020 వరదల పిమ్మట తెలంగాణ ప్రభుత్వము నీరు చొచ్చిన కుటుంబములకు 10,000 రూపాయలును, పూర్తిగా కూలిన ఇండ్లకు లక్ష రూపాయలును, కొంత కూలినవానికి 50,000 రూపాయలును ప్రకటించెను. ఇట్టి సహాయమునకు గాని, బీమాకు గాని, నష్టము రుజువైననే గదా ఫలము.

బురద తీయుట

మురుగు కలిసిన నీరు ఎండిపోయినను దాని విషము ఎండిపోదు. కలరా, సన్నిపాత జ్వరము, కామెర్లు, విరేచనములు దానివలన వ్యాపించును. ఎలుకల మూత్రము కలిసిన నీరు కాలి గాయముల ద్వారా చొచ్చి ఎలుక జ్వరమును కలిగించును. కావున చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు లేక పని చేయరాదు. పసిపిల్లలను, గర్భిణులను ఈ పనికి దూరముగ నుంచవలెను. గాయమైనచో ధనుర్వాతపు సూదిమందును గూర్చి ఆసుపత్రిలో విచారింపవలెను.

బురద తడిగా నుండగనే పార పెట్టి తీయవలెను. ఎండి గట్టిపడినచో శ్రమ రెట్టింపగును, ధూళి ఊపిరితిత్తులలోనికి పోవును. పిమ్మట గోడలను పైనుండి క్రిందికి సబ్బునీటితో రుద్ది, మంచినీటితో కడుగవలెను. దూదిపరుపులు, దిండ్లు, మురుగు నీటిలో నానిన చెక్కపొడి బల్లలు మరల పనికిరావు. వానిని విడుచుటకు మనసొప్పకపోవుట సహజమే. కాని వైద్యునికి ఇచ్చు సొమ్ము పరుపు వెలకంటె ఎక్కువ. ఇత్తడి, స్టీలు, గాజు సామాను కడిగి మరగకాచిన నీటిలో ముంచి వాడుకొనవచ్చును.

బ్లీచింగు పొడి వాడుక

బురదపై బ్లీచింగు పొడి చల్లుట చాలచోట్ల చూచుచున్నాము. అది పొడిని వృథా చేయుటయే. బురదలోని కుళ్లు పదార్థమే క్లోరిను శక్తిని మ్రింగివేయును. కడిగిన పిమ్మటనే మందు పని చేయును. మంచి బ్లీచింగు పొడిలో నూటికి సుమారు 33 పాళ్లు క్లోరిను ఉండును. లీటరు నీటికి 30 గ్రాముల చొప్పున కలిపి, కొంతసేపు తేర్చి, పైతేటను నేలపైనను గోడల అడుగుభాగమునను పట్టించి, అరగంట విడిచి కడిగివేయవలెను. మూత తీసియుంచిన పాత పొడికి బలముండదు.

మూడు జాగ్రత్తలు మఱువరాదు. దీనిని మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. కలిపినచో పుట్టు వాయువు ప్రాణాపాయకరము. తలుపులు మూసి పని చేయరాదు. పురుగుమందు కొట్టిన పంపుతో ఇంటిలో చిమ్మరాదు.

బావిలోనికి వరదనీరు చొచ్చినచో మొదట పూర్తిగ తోడి, పూడిక తీసి, నీరు ఊరనీయవలెను. తేటనీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగు పొడి సామాన్యపు లెక్క. 2 మీటర్ల వెడల్పున, 3 మీటర్ల లోతు నీరున్న గుండ్రని బావిలో సుమారు 9,400 లీటర్లుండును గాన, ఇంచుమించు 24 గ్రాములు కావలెను. నీరు ఇంకను మలినమైయున్నచో ఇంతకంటె ఎక్కువ పట్టును. గంట గడచిన పిమ్మట లీటరునకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. దీనిని ఆరోగ్యశాఖవారిచే పరీక్షింపజేయుట మంచిది. అంతవరకు నీటిని మరగకాచి త్రాగవలెను.

ఆరనిచ్చుటయే ముఖ్యమైన పని

ఇదియే మేము ముఖ్యముగ చెప్పదలచిన మాట. పైన ఎండి లోన తడియున్న వడ్లను గాదెలో పోసిన రైతు ఏమి చూచునో మనమెఱుగుదుము. నిలువ చేయు వడ్లలో తేమ నూటికి 14 పాళ్లకు మించరాదని అందఱికిని తెలియును. గోడయు గాదెవంటిదే. వత్తి నూనెను పీల్చునట్లు ఇటుక నీటిని పీల్చును. నీరు నిలిచిన గీతకంటె పైకి కూడ తడి యెక్కును. పైపూత పదిదినములలో ఎండినట్లు కనబడినను, లోపల తడి నెలల తరబడి యుండును. ఒక అంగుళము మందమునకు ఒక నెల యని పనివారి లెక్క. తొమ్మిదంగుళముల గోడకు ఇరువైపుల గాలి తగిలినను నాలుగైదు నెలలు పట్టునన్నమాట.

ఈలోగా తొందరపడి రంగు పూసినవాడు తడిని లోపల బంధించినవాడగును. ఆ తడి రంగును బుడగలుగా లేపును, తెల్లని ఉప్పును వెళ్లగ్రక్కును, నల్లని బూజును పెంచును. బూజు ఉబ్బసపు రోగులకును, పిల్లలకును కీడు చేయును. మఱుసటి ఏడు మరల అదే ఖర్చు పెట్టవలసివచ్చును.

కావున ఉబ్బిన పూతను నీటి గీతకు ఒక అడుగు పైవరకు చెక్కివేయవలెను. బీరువాలను, మంచములను గోడనుండి జానెడు దూరము జరుపవలెను. ఎండ కాయునప్పుడు తలుపులు, కిటికీలు ఎదురెదురుగా తెఱచి గాలి పాఱనీయవలెను. ముసురు పట్టినప్పుడు మూయవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి ఆర్పబూనుట ప్రాణములకే మోసము. ఉప్పు కనబడినచో పొడి కుంచెతో దులుపవలెనే గాని నీటితో కడుగరాదు. కడిగినచో అది కరగి మరల గోడలోనికే పోవును. బూజును మాత్రము పొడిగా దులుపక సబ్బునీటి గుడ్డతో తుడువవలెను.

గోడ ఆఱినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. అడుగు పొడవు వెడల్పులు గల ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులను గోడకు అంటించి రాత్రియంతయు ఉంచవలెను. తెల్లవాఱి దాని లోపలివైపున నీటి బిందువులున్నచో గోడ ఇంకను ఆఱలేదని యర్థము.

“అన్ని నెలలు ఎచ్చట తలదాచుకొందుము?” అని మీరడుగవచ్చును. కడిగి, మందు పట్టించి, విద్యుత్తును పరీక్షింపజేసిన ఇంటిలో, గోడలకు దూరముగ మంచము వేసికొని, గాలి ఆడనిచ్చుచు ఉండవచ్చును. కాపురముండుటకు తడవు లేదు; పూతకును రంగునకును మాత్రమే తడవు.

మరమ్మతు

గోడ ఆఱిన పిమ్మట సిమెంటు పూతకంటె సున్నపు పూత మేలని మా యభిప్రాయము. సున్నము తడిని బయటికి పోనిచ్చును. చిక్కని సిమెంటును నూనె రంగును దానిని అడ్డగించును. 1591లో కట్టిన చార్‌మినారు రాళ్లను పట్టియుంచినది సున్నమే గదా. డంగు సున్నము దొరకనిచోట సాదా వెల్లయైనను వేయుడు. మట్టిగోడల విషయమున, కరగిన అడుగుభాగమును ఒక్కసారిగా త్రవ్వక, మూరెడు మూరెడుగా, పైభాగమునకు పోటులు పెట్టి బాగుచేయవలెను. స్విచ్చి బోర్డులను ఈసారి నీటి గీతకు పైన అమర్చింపుడు.

ధాన్యము, పత్రములు

మురుగు తాకిన ధాన్యము తినుటకు పనికిరాదు. బూజు పట్టిన వేరుసెనగను, మొక్కజొన్నను పశువులకైనను పెట్టరాదు; ఆ బూజు విషము కాలేయమును చెఱచును. పట్టాదారు పుస్తకములు, దస్తావేజులు తడిసినచో ఎండలో పెట్టరాదు. మంచినీటిలో మెల్లగ ముంచి బురద విడిపించి, తెల్లకాగితముల నడుమ పఱచి, నీడలో గాలికి ఆర్పవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒక్కొక్క పంపును కొనలేడు. కాని సంఘము ఒక నీటి పంపును, పారలను, బూట్లను, తొడుగులను, మూత బిగించిన బ్లీచింగు పొడి డబ్బాలను వానకాలమునకు ముందే నిలువ చేయగలదు. నాట్లకు బదులు పోవు ఆచారము మనకు క్రొత్త కాదు. నాట్లలో వలెనే, నీరు తీసిన దినమున పది ఇండ్లవారు కలిసి వరుసగా ఒక్కొక్క ఇంటిని కడిగినచో, ఒక్కరు పదిదినములు పడు శ్రమ ఒక పూటలో తీఱును. వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఉన్న ఇండ్లతో మొదలుపెట్టుట ధర్మము. మఱియు, వరద తీసిన వారమున అప్పు తెచ్చి రంగులు వేయింపవలదని సభ్యులకు నచ్చజెప్పుటయు సంఘపు విధియే. ఆ సొమ్ము గోడ ఆఱిన పిమ్మట రెండింతల ఫలమిచ్చును.

కడుగుట, మందు పట్టించుట, ఆర్చుట, పిమ్మట పూయుట: ఇదియే వరుస. తడి ధాన్యమును గాదెలో పోయని రైతు తడి గోడకు రంగు పూయడని మా నమ్మకము.