రక్తపరీక్షకు చిక్కని విటమిన్ ఇ

హైదరాబాద్ దగ్గర, ఒకప్పుడు చేలతో నిండిన చందనవెల్లిలో ఇప్పుడు పరిశ్రమలు, డేటా సెంటర్ ఉన్నాయి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూడా పొలం పని తగ్గి, కూర్చుని చేసే ఉద్యోగాలు పెరుగుతున్నాయి. అలాంటి ఉద్యోగాలతో ఏం వస్తుందో హైదరాబాద్ చూపించింది. 2025లో వెలువడిన అధ్యయనంలో పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. ఇలాంటివాళ్లలో కొందరి చూపు మందుల షాపులో దొరికే ఆకుపచ్చ విటమిన్ ఇ మాత్ర మీద పడొచ్చు. అది వేసుకునే ముందు ఒళ్లు ఈ విటమిన్‌ను ఎలా వాడుకుంటుందో తెలియాలి.

పల్లీలు, పొద్దుతిరుగుడు నూనె, బాదం వంటి వాటిలో ఉండే విటమిన్ ఇకి ఎనిమిది రూపాలున్నాయి. కొవ్వుతో కలిసి అన్నీ పేగు దాటి కాలేయానికి చేరతాయి. అక్కడ ఆల్ఫా టోకోఫెరాల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్ చేటతో చెరిగినట్టు ఒక్క ఆల్ఫా రూపాన్నే ఏరి రక్తంలోకి పంపుతుంది. మిగతావాటిని ఎంజైములు తుంచేస్తే, ఆ ముక్కలు మూత్రంలో, పైత్యరసంలో పోతాయి. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ జన్యువులో లోపమున్నవాళ్లు ఎంత మంచి తిండి తిన్నా విటమిన్ ఇ నిలవదు, నడక తూలిపోతుంది. ఒంట్లో ఈ విటమిన్ మోతాదును నిర్ణయించేది తిండి ఒక్కటే కాదు, కాలేయం కూడా.

రక్తంలో దీన్ని మోసేందుకు ప్రత్యేకమైన వాహకం లేదు. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లను మోసే రేణువుల్లోనే ఇదీ తిరుగుతుంది. అందుకే షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లలో ఆ కొవ్వులు పెరిగితే విటమిన్ ఇ అంకె కూడా బాగున్నట్టు కనిపిస్తుంది, కణజాలానికి అందేది తక్కువే అయినా. కొవ్వులతో పోల్చి చూడని రిపోర్టును నమ్మలేం. 2015లో అమెరికా పరిశోధకులు గుర్తుపట్టే వీలున్న విటమిన్ ఇని పాలతో తాగించి చూశారు. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఆరోగ్యవంతుల కంటే తక్కువ పట్టింది.

మరి మాత్ర వేసుకుంటే? 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో, కొవ్వుతో పాటు కాలేయంలో వాపు కూడా ఉండి షుగర్ లేని 247 మందిని తీసుకున్నారు. రోజుకు 800 యూనిట్లు 96 వారాలు వాడినవారిలో 43 శాతానికి మెరుగైంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 శాతానికే. కాలేయం గట్టిపడటం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా 400 యూనిట్లు వాడిన మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011లో మరో పెద్ద ప్రయోగం తేల్చింది.

కాబట్టి ఆ మాత్ర డాక్టరు చెబితేనే వాడండి. ఈలోగా గుప్పెడు పల్లీలు తినండి, రోజూ నడవండి, పొట్ట తగ్గించండి.