ఆటలోనూ చదువుంది

మా స్కార్‌బరోలో తెలుగువాళ్లు కలిస్తే తరచు వినిపించే ప్రశ్న: "కిండర్‌గార్టెన్‌లో అన్నీ ఆటలేనా? అక్షరాలెప్పుడు?" నేను కంప్యూటర్ మనిషిని, పాపను బడిలో వేశాక చదివి తెలుసుకున్నది చెబుతాను.

తొలి ఏళ్లలో మెదడు ఎదుగుదలకు ఆట, పెద్దల పలకరింపు పునాదులని 1999లో మార్గరెట్ మెకెయిన్, ఫ్రేజర్ మస్టర్డ్ అంటారియో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. 2010లో మొదలైన పూర్తిరోజు కిండర్‌గార్టెన్‌దీ ఆ దారే. చాలా తరగతుల్లో టీచరుతోపాటు శిశువిద్యలో శిక్షణ పొందినవారూ ఉంటారు. ఇసుకాటలో "ఏ గిన్నెలో ఎక్కువ పడుతుంది?" అని అడిగితే అదే లెక్కల పాఠం.

ఇంట్లో బియ్యం కొలుస్తూ ఆ ప్రశ్నే తెలుగులో అడగండి. ఇంగ్లీషు వెనకబడదు, ఇంటిభాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు ఆసరా అని టొరంటో విశ్వవిద్యాలయపు జిమ్ కమిన్స్ చెప్పారు. తెలుగు మానేస్తే మాత్రం అమ్మమ్మతో ఫోన్‌లో మాటలు మిగలవు.