పాత రివాల్వరుల విలువ

పాత రివాల్వరులను సేకరించువారు దేనిని మేలైనదిగా ఎంచుదురు? రెండు ఉదాహరణములతో మనవి చేసెదము.

అమెరికాలో శామ్యూల్ కోల్ట్, కెప్టెన్ వాకర్ సలహాపై 1847లో చేయించినవి సుమారు 1,100 మాత్రమే. ఒక్కొక్కటి రెండు కిలోలు దాటిన బరువు. వానిలో చెక్కుచెదరని దొకటి, తన పెట్టెతోసహా, 2018లో 18 లక్షల డాలర్లకు పైగా పలికినది. ఇది అరుదుదనమునకు దక్కిన వెల.

1881లో షెరీఫు పాట్ గారెట్, బిల్లీ ది కిడ్ అను బందిపోటును కాల్చిన కోల్ట్ అంత అరుదైనది కాదు. ఆ నమూనావి లక్షలకొలది తయారైనవి. అయినను 2021లో అది 60 లక్షల డాలర్లు దాటినది. గారెట్ భార్య వ్యాజ్యమాడి 1934లో దానిని తిరిగి పొందినందున, అది ఆయనదే యనుటకు సాక్ష్యము నిలిచినది.

కావున మీ యింట తాతలనాటి వస్తువేదైన నున్నచో మెరుగు పెట్టించి పాతదనమును పోగొట్టకుడు. దాని వెంటనున్న కాగితమును పారవేయకుడు.