మందును పసిగట్టే బాక్టీరియా

బాక్టీరియాకు కళ్ళు లేవు, ముక్కు లేదు, మెదడు అసలే లేదు. మరి తన మీదికి మందు వస్తున్నదని దానికి ఎలా తెలుస్తుంది?

1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆరియోమైసిన్ అనే మందును లోకానికి అందించింది. మట్టిలో బ్రతికే ఒక సూక్ష్మజీవి నుండి దీనిని వేరుచేసినవారు బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో ఇదే మొదటి మందు.

కాపలా ప్రోటీన్

కణంలో ప్రోటీన్లను తయారుచేసే కర్మాగారాలు రైబోసోములు. టెట్రాసైక్లిన్ వాటికి అంటుకొని పని ఆపివేస్తుంది. ప్రోటీన్లు లేనిదే బాక్టీరియా పెరగలేదు. కాని కొన్ని బాక్టీరియాల దగ్గర దీనికి విరుగుడు ఉంది. అది కణపు పొరలో అమరే ఒక పంపు. లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోస్తుంది.

ఈ పంపును తయారుచేసే జన్యువు మామూలుగా పనిచేయదు. టెట్‌ఆర్ అనే ప్రోటీన్ ఆ జన్యువు మొదట్లో, డి.ఎన్.ఏ. మీద కాపలా కూర్చుంటుంది. కణంలోకి వచ్చిన మందు మెగ్నీషియం అయానుతో కలిసి ఈ ప్రోటీన్‌కు అంటుకుంటుంది. వెంటనే ప్రోటీన్ ఆకారం మారి, డి.ఎన్.ఏ. మీద పట్టు సడలిపోతుంది. కాపలా తొలగగానే పంపులు తయారవుతాయి. అంటే శత్రువే వచ్చి స్విచ్చి వేస్తుందన్నమాట!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పంపు కూడా ప్రోటీనే కదా! రైబోసోములు ఆగిపోతే అది ఎలా తయారవుతుంది? మందు రైబోసోముకంటె టెట్‌ఆర్‌కు ఎన్నో రెట్లు గట్టిగా అంటుకుంటుంది. అందుచేత కర్మాగారాలు మూతపడేంత మందు చేరకముందే, అతి కొద్ది మందుకే స్విచ్చి పడుతుంది.

పంపులు ఎప్పుడూ నడిస్తే శక్తి వృథా. అవి మితిమీరితే కణానికే చేటు. అందుకే మందు తగ్గగానే టెట్‌ఆర్ మళ్ళీ తన స్థానంలో కూర్చుంటుంది.

చేతులు మారే జన్యువు

ఈ జన్యువు తరచుగా ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయం మీద ఉంటుంది. ఆ వలయం ఒక బాక్టీరియా నుండి మరొక దానికి పోగలదు. 1950ల దశకంలో జపానులో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా క్రిములు సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ - నాలుగింటికీ లొంగకుండా పోయాయి. ఈ శక్తి షిగెల్లాకూ, పేగులలోని ఇ. కోలైకీ మధ్య తాకిడి వల్లనే చేతులు మారగలదని 1959లో ఒచియాయి, అకిబా బృందాలు చూపించాయి.

మందు ఈ జన్యువును పుట్టించదు. అది ఉన్న క్రిములను మిగిల్చి, లేనివాటిని అణచివేస్తుంది. కనుక అవసరం లేకుండా వాడిన ప్రతి మాత్రా మొండి క్రిములకు చోటు ఖాళీచేసి ఇచ్చినట్టే. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి ఈ మందులు పనిచేయవు. ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా మింగకండి. వైద్యుడు ఇచ్చినప్పుడు, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి.