గాయపడిన జ్ఞాపకము: చికిత్స చేయు పని, కాపరి చేయు పని

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. పట్టగలిగిన దానికన్నా ఎంతో ఎక్కువమంది ఆ బస్సులో ఉన్నారు. చనిపోయినవారిలో చాలామంది కొడిమ్యాల మండలపు పల్లెలవారు. ఎక్స్‌గ్రేషియా గురించి, రోడ్డు గురించి, బస్సు కండిషను గురించి చర్చలు జరిగినవి. అవి అవసరమే. అయితే విరిగిన ఎముక అతికి ఇంటికి చేరిన మనిషి నడిరాత్రి కేకవేసి లేస్తే ఆ ఇంటివారు ఎవరి యొద్దకు పోవలెను? మన పల్లెలలో మొదట పోయేది అంత్రము కట్టేవాని యొద్దకో, ఆర్.ఎం.పి. యొద్దకో, విశ్వాసులైతే కాపరి యొద్దకో. మానసిక నిపుణుని పేరు చివరన వస్తుంది, లేదా రానే రాదు. కాబట్టి ఆ నిపుణుడు చేసే పని ఏమిటో కాపరికి తెలిసి ఉండుట అవసరము.

ఉత్తర తెలంగాణలో ఇట్టి గాయములు ప్రమాదముల వలన మాత్రమే కలుగలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించారు. ఆ తరువాతి రెండు మూడు దశాబ్దములు పగలు పోలీసులకు, రాత్రి దళమునకు జవాబు చెప్పుకొంటూ బ్రతికిన ఊళ్లు ఎన్నో. ఇప్పుడు అరవై, డెబ్బై ఏండ్ల వయస్సులో ఉన్నవారు అప్పటి యౌవనులు. తలుపు తట్టిన చప్పుడుకు నేటికిని ఉలికిపడే పెద్దలు మన సంఘములలోనే ఉండవచ్చును. వారిది అవిశ్వాసమని గాని, వయసు చాదస్తమని గాని అనుకొనుట తేలిక.

జడుపు అనగా ఏమి?

మన పెద్దలు "జడుసుకున్నడు" అనే మాట వాడతారు. అది చాలా మట్టుకు సరియైన మాటే. భయంకరమైన సంఘటన ముగిసిపోయినను శరీరము దానిని ముగిసినట్లు ఎంచదు. ఆ దృశ్యము పిలువకుండానే కండ్ల ముందుకు వస్తుంది. నిద్ర పట్టదు, చిన్న శబ్దమునకు గుండె దడదడలాడుతుంది. ఆ చోటును, ఆ మాటను, కొన్నిసార్లు మనుష్యులనే తప్పించుకొని తిరుగుతారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము ఈ స్థితికి పి.టి.ఎస్.డి. అనే పేరు పెట్టి తన వ్యాధుల పట్టికలో చేర్చింది. వియత్నాము యుద్ధమునుండి వచ్చిన సైనికుల బాధ దానికి ఒక ముఖ్య కారణము.

ఒక సంగతి ఇక్కడే చెప్పవలెను. భయంకరమైనది చూచిన ప్రతివారును రోగులు కారు. మొదటి వారములలో నిద్ర లేకపోవుట, ఏడ్చుట, ఉలికిపడుట సహజము. ఇంటివారి తోడుతో, పనితో, కాలముతో ఎక్కువమంది కోలుకొంటారు. నెల దాటినను తగ్గక, పనిని, కాపురమును చెరుపుచున్నప్పుడు చికిత్స అవసరము. మొదటి దినములలోనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించుట మేలు చేయదని, కొందరికి హాని కూడా చేయవచ్చునని పరిశోధనలు చూపినవి. శవము ఇంట ఉండగానే "ఏమి జరిగినది, వివరముగా చెప్పు" అని అడిగేవారు దీనిని గుర్తుంచుకొంటే మంచిది.

చికిత్స గదిలో జరిగేది

అట్టి ప్రమాదములో బిడ్డను పోగొట్టుకొని తాను బ్రతికిన ఒక తల్లిని ఊహించుకొందము. ఆమె ఇక బస్సు ఎక్కదు. డీజిలు వాసనకు కడుపులో తిప్పుతుంది. చికిత్సకుడు మొదటి రోజుననే ఆ దృశ్యములోనికి ఆమెను తీసికొనిపోడు. ఈ లక్షణములు పిచ్చి కాదని, శరీరము తనను కాపాడుకొనుటకు చేయు ప్రయత్నమే అదుపు తప్పినదని వివరిస్తాడు. ఊపిరిని నెమ్మదిపరచుకొనుట నేర్పిస్తాడు. ఆ తరువాత ఇద్దరును కలిసి ఆమె భయపడే వాటిని చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగా వ్రాస్తారు: బస్‌స్టాండులో నిలుచుట, ఆగియున్న బస్సులో కూర్చుండుట, పక్క ఊరి వరకు ప్రయాణము, చివరకు ఘాట్ రోడ్డు. ఒక్కొక్కటి తట్టుకోగలిగిన తరువాతనే పై మెట్టు. గదిలోనేమో ఆ దినమున జరిగినదానిని, భద్రముగా కూర్చుండి, తన మాటలలో మరల మరల చెప్పుతుంది. చెప్పిన ప్రతిసారి ఏడ్పు వస్తుంది. అయినను కొన్ని వారములకు ఆ జ్ఞాపకము మీదపడి కొట్టుట మాని, "జరిగిపోయినది"గా తన చోట కూర్చుంటుంది. మరచిపోవుట కాదు ఇది. ఎడ్నా ఫోవా అనే శాస్త్రవేత్త అభివృద్ధిపరచిన ఈ పద్ధతి సాధారణముగా 8 నుండి 15 విడతలలో ముగుస్తుంది.

ఇంకను లోతైన ముల్లు ఒకటి ఉంటుంది: "ఆ రోజు నేను బిడ్డను వెంట తీసికొనిపోకుంటే బ్రతికేది." ఈ నేరభావనను చికిత్సకుడు ఒక్క మాటతో కొట్టివేయడు. బస్సు పడునని ఆ ఉదయమున నీకు తెలుసునా, నీ చేతిలో ఏమి ఉండెను, ఇతరుల చేతిలో ఏమి ఉండెను అని ఓర్పుతో అడుగుతాడు. "నీ తప్పేమీ లేదమ్మా" అని మనము పదిసార్లు చెప్పినను చేరనిది, ఆమె తానే ఆలోచించి చేరుకొన్నప్పుడు నిలుస్తుంది.

ఫ్రాన్సిన్ షాపిరో 1989లో ప్రచురించిన ఇ.ఎం.డి.ఆర్. అనే మరొక పద్ధతిలో, బాధితుడు ఆ జ్ఞాపకమును మనస్సులో ఉంచుకొని చికిత్సకుని వ్రేలి కదలికను కండ్లతో వెంబడిస్తాడు. కండ్ల కదలిక నిజముగా ఎంత పని చేయుచున్నదను విషయములో పండితులు ఏకీభవించరు; ఫలితము మాత్రము ఉన్నది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములు ఈ రెండు విధములైన చికిత్సలను సిఫారసు చేసినవి. మొదటి నెలలో ఈ లక్షణములకు నిద్రమాత్రల వంటి బెంజోడయాజెపైన్లు ఇవ్వరాదనియు చెప్పినవి. మన ప్రాంతములో జరిగేది తరచుగా ఇందుకు వ్యతిరేకము: ఆర్.ఎం.పి. చీటీతో మాత్ర, మగవారికైతే కల్లు, సారా.

మన పరిచర్యలో

"మరచిపో, దేవునికి అప్పగించు" అనుట మన నోట తేలికగా వచ్చే మాట. అబ్షాలోము తన చెల్లెలైన తామారుతో ఊరకుండుమని చెప్పిన సందర్భమును (2 సమూయేలు 13) జాగ్రత్తగా చదువుదము. అన్న ఉద్దేశము ఏదైనను, ఆమె అతని ఇంట పాడైన బ్రదుకే బ్రదికెను. యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద మౌనముగా కూర్చున్నంత కాలము మంచి పరిచర్య చేసిరి. నోరు తెరచిన తరువాతనే చిక్కు వచ్చినది. బాధితుని తొందరపెట్టి క్షమాపణ చెప్పించుట, మానక ముందే సాక్ష్యము చెప్పుమని వేదిక ఎక్కించుట గాయమును మరల తెరచుటయే. చికిత్స గదిలో ఎప్పుడు, ఎంత చెప్పవలెనో ఆ మనిషి చేతిలో ఉంటుంది. వేదిక మీద ఆ అధికారము అతనికి ఉండదు.

చెప్పినది మన యొద్దనే ఉండవలెను. దీనికి ఒక హద్దు కలదు: పిల్లలపై లైంగిక దాడి జరిగినదని తెలిస్తే 2012 పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట మన విధి, సంఘము పరువు అడ్డు రాకూడదు. చచ్చిపోవాలనిపించుచున్నదా అని సూటిగా అడుగుటకు జంకవద్దు. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు.

సమాజపు మౌనము గురించి ఒక మాట. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగినవి. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కులవారి లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆ తరువాత అనేక సంవత్సరములు ఆ దినమున స్తూపము యొద్ద నివాళులకు కూడ నిషేధాజ్ఞలు ఉండెను. జూడిత్ హెర్మన్ 1992లో వ్రాసిన గ్రంథములో స్వస్థతను మూడు దశలుగా వివరించారు: భద్రత, జ్ఞాపకము చేసికొని దుఃఖించుట, తిరిగి జనులతో కలియుట. ఇంద్రవెల్లిలో రెండవ దశకే బహిరంగముగా చోటు దొరకలేదు. ఒక్కొక్కరికి చేయు చికిత్స ఇంతటి లోటును పూరించలేదని మా అభిప్రాయము. పైగా గోండి, కొలామీ మాటలాడు పెద్దలకు తెలుగులో చేయు చికిత్స ఎంతవరకు చేరును? దుఃఖము తల్లి భాషలోనే ఉంటుంది. ఆ భాషలు తెలిసిన యౌవనులను ఈ శిక్షణకు పంపుట మన సెమినరీలు ఆలోచించదగిన పని.

2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ నంబరు 14416కు తెలుగులోనే, ఖర్చు లేకుండ మాట్లాడవచ్చును. అదిలాబాదు రిమ్స్, కరీంనగర్ వైద్య కళాశాలల ఆసుపత్రులలో మానసిక వైద్యమునకు వెళ్లవచ్చును. వైద్యుడు మందు వ్రాస్తాడు. పైన చెప్పిన మాటల చికిత్సకు శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు కావలెను కాబట్టి అతనికి ఆర్.సి.ఐ. నమోదు ఉన్నదా అని అడిగి తెలిసికొనవలెను. మొదటిసారి వెంట వెళ్లండి. నలుగురు చూస్తారన్న భయమే సగము మందిని గుమ్మము దాటనీయదు. సంఘపు పుస్తకములో పుట్టినరోజులతో పాటు ఇట్టి తేదీలను కూడ వ్రాసిపెట్టుకోండి. ఆ వారములో నిద్ర మరల చెడుతుంది, కాబట్టి ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుండి రండి.